గాటు పడ్డ కారు, మారని చీటీ

బహుధాన్య నామ సంవత్సరం, శరదృతువు. వానలు తగ్గుముఖం పట్టి, ఇసుక దిబ్బల మీద రెల్లు తెల్లగా పూసిన రోజులు. అనగనగా అని మొదలుపెట్టడానికి ఇది మరీ అంత పాతకాలమేమీ కాదు. అప్పటికి రాజులూ ఉన్నారు, కార్లూ వచ్చాయి. అలాంటి కాలంలో సముద్రపు ఒడ్డున భీమలదీవి అనే చిన్న సంస్థానం ఉండేది.

భీమలదీవికి రాజున్నాడు గాని, రాజుకు కారు లేదు. ఎలా ఉంటుంది? ఎటు చూసినా ఇసుకే. ఎడ్లబండి చక్రమే ఇరుసుదాకా దిగబడే నేల మీద కారేం కదులుతుంది? అందుకని ఆ రాజు, చెంగల్వరాయుడు, అరచేతిలో ఇమిడే కార్లను పోగుచేసేవాడు. లోహాన్ని కరిగించి అచ్చులో పోసి చేసిన బుల్లి కార్లు. ఓడల మీద దేశదేశాల నుంచి వచ్చేవి. పాలు మోసే బండ్లు, మంటలార్పే బండ్లు, పైకప్పు లేని షికారు కార్లు. ఎరుపు, పచ్చ, నీలం, వంగపండు రంగు. ఏ రంగు లేదని అడగండి.

దసరా వస్తే ఊళ్ళో ప్రతి ఇంటా బొమ్మల కొలువు పెట్టేవారు. కోటలో మాత్రం కార్ల కొలువు పెట్టేవారు. చెక్క మెట్లు కట్టి, తెల్లబట్ట పరిచి, వరసలు తీర్చి కార్లను నిలిపేవారు. ఊరి పిల్లలంతా వచ్చి, కార్లు చూసి, గుప్పెడు శనగలు ఒళ్ళో కట్టుకుని పోయేవారు.

ఆ కార్లను కాచేది నూకరత్నం. ఆమె తల్లి కోటలో మట్టిబొమ్మలు కాచేది. ఆ తల్లి చేతి కిందనే నూకరత్నం పని నేర్చుకుంది. కోటగోడ లోపల ఆ పనికని ఇచ్చిన పెంకుటింట్లోనే పుట్టింది, అక్కడే పెరిగింది, అక్కడే తల నెరిసింది.

ఆమె పని తీరు చూసి తీరాలి. ప్రతి కారుకూ వేపచెక్క పెట్టెలో ఒక అర. ఒకదాని ఒళ్ళు ఇంకోదానికి తగలకూడదు. మెత్తటి పాతబట్ట చుట్టి, రబ్బరు చక్రాల మీద బరువు పడకుండా కడుపు కింద పుల్లముక్క ఎత్తుపెట్టేది. సముద్రపు చెమ్మ లోపలికి రాకుండా ప్రతి పెట్టెలో బొగ్గుల మూట ఉంచేది. ఏ కారును ముట్టుకున్నా ముందు చేతులు కడిగి, పొడిగుడ్డతో తుడుచుకునేది.

ఇక చీటీలు. రాజుగారి నాయనమ్మ బొమ్మల కొలువు పెట్టే రోజుల్లోనే మూడు కట్టుబాట్లు పెట్టి వెళ్ళింది. కొలువులో నిలబడ్డ ప్రతి బొమ్మకూ చీటీ ఉండాలి. ఆ చీటీ బొమ్మలు కాచే చేయే రాయాలి, ఇంకో చేయి రాయకూడదు. తొలి హారతి ఇచ్చాక, కొలువు ఎత్తే హారతి దాకా బొమ్మా కదలకూడదు, కాచే మనిషీ మారకూడదు.

నూకరత్నం చీటీలో మూడే మాటలు రాసేది. ఏ బండి, ఎక్కడి నుంచి వచ్చింది, దానికున్న లోటేమిటి. లోటు లేకపోతే లేదని రాసేది. ఉంటే ఉందని రాసేది. అంతే.

ఆ ఏడు దసరాకు ముందు ఒక కబురు వచ్చింది. ఓడల వర్తకుడు పేరిశెట్టి ముసలివాడయ్యాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ రేవు రేవునా ఏరి దాచుకున్న కార్లు ఆయన దగ్గర పెట్టెలకు పెట్టెలు ఉన్నాయి. తలుపులు తెరుచుకునేవి ఉన్నాయట. తాళం తిప్పితే పరిగెత్తేవి ఉన్నాయట. ఆయనకు పిల్లలు లేరు. ఆ పెట్టెలన్నీ ముగ్గురు రాజుల్లో ఒకరికి ఇచ్చేస్తాడట. గవ్వలకోట రాజు ఒకరు, సంపెంగిపాలెం రాజు ఒకరు, మన చెంగల్వరాయుడు ఒకరు. కొలువు రోజుల్లో ముగ్గురి కార్లనూ స్వయంగా వచ్చి చూసి, ఎవరి చేతిలో పెడితే తన మనసు కుదుటపడుతుందో వాళ్ళకే ఇస్తాడట.

చెంగల్వరాయుడికి అన్నం సయించలేదు. దివాను పానకాలయ్యను పిలిచి, ఏం చేసైనా సరే ఆ పెట్టెలు భీమలదీవికే రావాలన్నాడు. దివాను మీసం దువ్వుకున్నాడు. తళతళలాడితే తప్ప పని జరగదని తేల్చాడు.

ఆయన చేయించిన మొదటి పని ఇది. నూకరత్నం బొగ్గుల కోసం కుమ్మరివీధికి వెళ్ళిన పూట, వంటింటి దాసీలను పిలిచి, పై మెట్టుకు ఎంచిన కార్లను తోమి పెట్టమన్నాడు. పండక్కి ముందు ఇత్తడి బిందెలు ఎలా తోముతారు? చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. పాపం, వాళ్ళు అలాగే తోమారు. తోమినకొద్దీ రంగు వస్తుంటే మురికి వస్తోందనుకుని ఇంకా గట్టిగా తోమారు. నూకరత్నం తిరిగొచ్చేసరికి పళ్ళెంలో ఎర్ర నీళ్ళు, నీలం నీళ్ళు. పక్కన కార్లు పెంకు వలిచిన గుడ్లలా బోసిగా ఉన్నాయి.

ఆమె కార్లను ఒక్కొక్కటే ఎత్తి, పులుపు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టింది. తర్వాత కూర్చుని చీటీలు రాసింది. "చింతపండుతో తోమారు. రంగు పోయింది."

దివాను ఆ చీటీ చదివి ఉలిక్కిపడ్డాడు. కాలక్రమాన రంగు వెలిసింది అని రాయరాదా అని అడిగాడు. కాలం చింతపండు పట్టుకుని రాలేదని నూకరత్నం జవాబు చెప్పింది.

దివాను రెండో పని మొదలుపెట్టాడు. పల్లకీలకు రంగులు వేసే పనివాణ్ణి పిలిపించి, బోసిపోయిన కార్లలో మేలైనవాటికి కొత్త రంగు కొట్టించాడు. పనివాడు మంచివాడే, చేయి తిరిగినవాడే. కాని పల్లకీకి వేసే చిక్కటి రంగు బుల్లి కారుకు వేస్తే ఏమవుతుంది? చక్రాలు ఇరుసుకు అంటుకుపోయాయి. చూడ్డానికి పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి గాని ఒక్కటీ కదలలేదు. నూకరత్నం వాటినీ తీసుకుని వరసలో నిలిపింది. "రంగు కొత్తది. ఈ ఏడే వేశారు. చక్రాలు తిరగవు" అని రాసింది.

"ఏవమ్మా నూకరత్నం," అన్నాడు దివాను, "నువ్వు మన మనిషివా, గవ్వలకోట వాళ్ళ మనిషివా?"

"కార్ల మనిషిని, దివాన్జీ గారూ. మీరు చేతులతో చేసేది నేను ఆపలేను. నేను చేత్తో రాసేది మీరు ఆపకండి."

తొలి హారతి ఇచ్చారు. కొలువు నిలిచింది. అప్పుడు గాని దివాను అన్ని చీటీలూ వరసగా చదవలేదు. చదువుతూ చదువుతూ మూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. ఆగినవాడు ఆగినట్టే రాజుగారి దగ్గరికి పరుగెత్తాడు.

మూడో మెట్టు మీద పచ్చరంగు షికారు కారు ఒకటి ఉంది. సీసం ఎక్కువ కలిసిన మెత్తటి పోత. చాలా ఏళ్ళ కింద పేరిశెట్టి ముగ్గురు రాజులకూ తలా ఒకటి అమ్మిన కార్లలో అది ఒకటి. ఆయన వచ్చాడంటే మొదట అడిగేది దాన్నే. దాని వెనక అంచున ఒక గాటు ఉంది. నూకరత్నం రాసిన చీటీ ఇలా ఉంది. "పచ్చ షికారు కారు. పేరిశెట్టి ఓడ నుంచి వచ్చింది. వెనక అంచున పంటిగాటు. ఎలుకదో మనిషిదో తెలియదు. పెట్టె విప్పినప్పుడే ఉంది."

రాజు వచ్చాడు, చీటీ చదివాడు. ఆయన ముఖం మందారంలా కందింది. దివాను పక్కనే నిలబడి ఎగదోశాడు. మన కోటలో ఎలుకలున్నాయని రాసినా కొంత నయమేనట. పెట్టె విప్పినప్పుడే ఉందంటే అర్థమేమిటి? ఎలుక కొరికిన సరుకు మాకు అంటగట్టావని, వచ్చిన అతిథిని ముఖం మీద అన్నట్టు కాదా? ఆ పెట్టెలు ఇంక మనకు దక్కినట్టేనా?

రాజు చెడ్డవాడు కాదు. నూకరత్నాన్ని పక్కకు పిలిచి మెత్తగానే చెప్పాడు. కారును కదపవద్దు, నాయనమ్మ కట్టుబాటు తప్పవద్దు. చీటీ ఒక్కటి మార్చి, లోటు లేదు అని రాస్తే చాలన్నాడు.

"రాయలేను, మారాజా."

"గాటు ఎంతుంది? గోరంత. ఎవరికి కనిపిస్తుంది?"

"నాకు కనిపించింది."

"పోనీ, ఎలుక మాట తీసెయ్యి. పెట్టె విప్పిన మాట తీసెయ్యి."

"ఎవరిదో తెలియదు గనక తెలియదని రాశాను. ఎప్పుడు పడిందో తెలుసు గనక తెలుసని రాశాను. ఇందులో తీసెయ్యడానికి ఏముంది?"

రాజు గొంతు మారింది. కొలువు ఎత్తేదాకా కాచే మనిషిని మార్చడానికి వీల్లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాని ఇల్లు రాజుగారిది. చీటీ మారిస్తే ఇల్లు ఉంటుంది, మార్చకపోతే రేపటికి ఖాళీ చేయాలి, ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు.

నూకరత్నానికి అది తల్లి కన్నుమూసిన ఇల్లు. గడపకు తను పసుపు రాయని శుక్రవారం లేదు. పెరట్లో తను వేసిన కరివేపచెట్టు కొమ్మ వంచితే అందేంత దగ్గరగా, వంటింటి కిటికీ పక్కనే ఉంటుంది. ఇవన్నీ ఆమెకు ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. చూపు తిప్పుకుని మూడో మెట్టు వైపు చూసింది. పచ్చకారు దాని చోట అది ఉంది, చీటీ దాని చోట అది ఉంది.

ఇవాళ ఒక చీటీ అబద్ధమైతే, రేపు తను నిజం రాసిన చీటీని మాత్రం ఎవరు నమ్ముతారు? అప్పుడు ఇన్నేళ్ళ తన చేతిరాత అంతా దేనికి?

"ఇల్లు తీసుకోండి, మారాజా," అంది.

మర్నాడు ఆమె వంటపాత్రలు, చాప, తల్లి ఫొటో ఒక గోనెలో కట్టుకుని సముద్రం ఒడ్డున బెస్తపాలెం చేరింది. బెస్తలు ఇసుక దిబ్బ మీద తాటాకు పాక ఒకటి వేసి ఇచ్చారు. పెంకుటింట్లోకి దివాను తన అల్లుణ్ణి దింపాడు. రాజు చేతనే నీళ్ళు ధారపోయించి, దానమని పదిమందిలో అనిపించాడు.

ఇసుకలో నడిచి కోటకు రావడానికి నూకరత్నానికి పొద్దు సగం కరిగేది. అయినా కొలువు తలుపు తీసే వేళకు రోజూ అక్కడే ఉండేది. ఉప్పుగాలి అంటిన చీరతో కార్ల దగ్గరికి పోకూడదని, కోట బయటే వేరే చీర మార్చుకుని లోపలికి అడుగుపెట్టేది. దాసీలు చూసి నవ్వేవారు. ఇల్లు పోగొట్టుకున్నా ఈ మడి పోలేదని చెప్పుకునేవారు. ఆమె వినేది, కార్లు తుడిచేది.

ఇంతలో పేరిశెట్టి ప్రయాణం మొదలైంది. మొదట గవ్వలకోట వెళ్ళాడు. అక్కడ కార్లు దీపాల్లా మెరుస్తున్నాయి. పచ్చకారును చేతిలోకి తీసుకుని వెనక అంచు తడిమాడు. గాటును లక్కతో పూడ్చి పైన రంగు వేసి ఉంది. చీటీలో లోటు లేదని ఉంది. ముసలాయన మజ్జిగ తాగి లేచాడు.

తర్వాత సంపెంగిపాలెం వెళ్ళాడు. అక్కడ ప్రతి చీటీలోనూ చేయి తగలనిది అని రాసి ఉంది. పచ్చకారు అంచు నున్నగా ఉంది. బోర్లించి చూస్తే అది వేరే అచ్చులో పోసిన కారు. అసలుది ఎక్కడని అడిగితే ఇదే అసలుదన్నారు. తాంబూలం పుచ్చుకుని లేచాడు.

మూడోసారి భీమలదీవి రేవులో దిగాడు. రాజూ దివానూ ఎదురువెళ్ళి తీసుకొచ్చారు. నూకరత్నం మెట్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. దివాను శెట్టిగారిని మాటల్లో పెట్టి పై మెట్టు దాటించాలని చూశాడు. దారిలో సముద్రం ఎలా ఉందో అడిగాడు, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడిగాడు. శెట్టి అన్నిటికీ బాగుందన్నాడు గాని చీటీ మీంచి చూపు తీయలేదు.

పై మెట్టు చదివాడు. "చింతపండుతో తోమారు." ముసలాయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో దివానుకు తెలియలేదు. రెండో మెట్టు చదివాడు. ఒక పెళ్ళికొడుకు కారు చక్రాన్ని వేలితో తిప్పబోయాడు. అది తిరగలేదు. చీటీలో అలాగే ఉంది.

మూడో మెట్టు. పచ్చకారు. చీటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. రాజు కళ్ళు మూసుకున్నాడు. దివాను, ఆ చీటీ ఏదో తెలియని ఆడమనిషి తొందరపాటని సర్దబోయాడు.

"ఇది రాసిందెవరు?" అన్నాడు పేరిశెట్టి.

"నేనే, శెట్టిగారూ."

"ఎలుకదో మనిషిదో తెలియలేదా?"

"తెలియలేదండి. నడుమ ఒక పన్ను లేదు. ఎలుకకు అలా ఉండదేమో అనుకున్నాను. కాని అనుకున్నది చీటీలో రాయను."

పేరిశెట్టి మెట్టు మీదికి వంగి, కారు కదలకుండా వెనక అంచు దగ్గర తన నోరు పెట్టి, పెదవులు విడదీశాడు. ముందు పళ్ళ నడుమ ఒక పన్ను లేదు. గాటూ పళ్ళూ తాళమూ చెవీలా సరిపోయాయి.

"ఎలుక కాదు తల్లీ, నేనే."

రాజు కళ్ళు తెరిచాడు. శెట్టి మెట్ల పక్కనే నేల మీద చతికిలబడి చెప్పుకొచ్చాడు. నాణెం కొరికి చూడడం వర్తకులకు మామూలే. ఆయన వయసులో ఉండగా, ముందు పన్ను అప్పటికే ఊడిపోయి ఉన్నా, పోత కార్లనూ అలాగే కొరికి చూసి కొనేవాడు. పన్ను దిగితే సీసం ఎక్కువ, దిగకపోతే తక్కువ. ఆ మూడు పచ్చకార్లూ ఆయన తొలి ఓడలో తెచ్చిన సరుకు. కొరికి చూశాక, గాటు పడ్డ సంగతి చెబితే ఎవరూ కొనరేమోనని నోరు మూసుకుని ముగ్గురు రాజులకూ అంటగట్టాడు. చెప్పకుండా అమ్మిన సరుకు అదొక్కటే. ముల్లులా అప్పటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

"ఒకరు పూడ్చారు, ఒకరు మార్చారు," అన్నాడు. "ఇక్కడ మాత్రం నా తప్పు నా ముఖం మీదే రాసి పెట్టారు. నా పెట్టెల్లో మంచివే ఉన్నాయనుకోకండి, రాజా. విరిగినవి ఉన్నాయి, నకిలీవి ఉన్నాయి, రంగు వేసి నన్ను మోసం చేసినవి ఉన్నాయి. ఏది ఏదో నేను పోయాక చెప్పే చేయి కావాలి. ఆ చేయి మీ దగ్గర ఉంది. పెట్టెలు మీకే."

చెంగల్వరాయుడు తల దించుకున్నాడు. ఆ చేయి తన దగ్గర లేదని, తనే దాన్ని ఇసుక దిబ్బ మీదికి పంపానని ఆయనకు తెలుసు. ఆ ముక్క దాచకుండా శెట్టికి చెప్పాడు. నూకరత్నం దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అనుకోండి. తర్వాత ఆమె వైపు తిరిగి, కొలువు ఎత్తాక కూడా కార్లు కాచే పని ఆమెదేననీ, ఆమె రాసిన చీటీ మీద రాజుకైనా మాట ఉండదనీ అన్నాడు.

"మీ పెట్టెలు ఎప్పుడు దింపుతారు, శెట్టిగారూ?" అని అడిగింది నూకరత్నం. "ముందే చెబితే బొగ్గులు తెచ్చి ఉంచుతాను."

ఆ పెట్టెలు దిగాయి. ఒక్కొక్క కారునూ తీసి, తుడిచి, బోర్లించి చూసి, చీటీ రాయడానికి ఆమెకు మరో దసరా దాటింది. నకిలీలను నకిలీలనే రాసింది. పేరిశెట్టి పడక్కుర్చీలో కూర్చుని ఒకటి రెండుసార్లు అలిగాడు కూడా. తను అంత ముచ్చటపడి కొన్నదాన్ని నకిలీ అంటావా అని వాదించాడు. చివరికి ఒప్పుకున్నాడు. దూరదూరాల నుంచి కార్లు పోగుచేసేవాళ్ళు భీమలదీవికి వచ్చి, తమ కారు అసలుదో కాదో నూకరత్నం చేత చీటీ రాయించుకుని పోయేవారు. ఆమె కాదంటే కాదు, అవునంటే అవును.

లోటును దాచనివాడి మాటకే, లోటు లేదన్నప్పుడు విలువ. అందుకే లోకం తన సొత్తును అలాంటివాడి చేతిలోనే పెడుతుంది.

పదిమందిలో దానమిచ్చిన ఇంటిని రాజు తిరిగి తీసుకోలేకపోయాడు. నూకరత్నం బతికినన్నాళ్ళూ ఆ తాటాకు పాకలోనే ఉంది.